కణితికి నెత్తురందకుండ జేయు మందు

గత సంవత్సరము మన పాఠశాల విద్యార్థి తండ్రిగారొకరు ఆసుపత్రి కాగితములతో మా గదికి వచ్చిరి. అవి ఆంగ్లమున నున్నవి. ఇంట చదువగలవారు లేరు. వారి తల్లిగారికి పెద్దప్రేగులో పుట్టిన కాన్సరు కాలేయమునకు ప్రాకినది. కీమోథెరపీతోపాటు బెవాసిజుమాబ్ అను మందు వ్రాసిరి. "ఇది ఎక్కిస్తే అమ్మకు నయమవుతుందా మాస్టారూ? అరెకరం అమ్మాలి" అని వారడిగిరి. మేము వైద్యులము కాము. ఐనను విచారించి తెలిసికొన్నది, వారి యనుమతితో, ఇట వ్రాయుచున్నాము.

పైరునకు కాలువనీ రెట్టిదో కణితికి నెత్తు రట్టిది. ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి పెరుగవలెనన్న దానికి క్రొత్త రక్తనాళములు కావలెను. వానిని అడ్డగించిన కణితి పెరుగుదల ఆగునని 1971లో బోస్టను శస్త్రవైద్యుడు జూడా ఫోక్‌మన్ వ్రాసెను. చాలమంది నమ్మలేదు. కణితి యొక మాంసకృత్తును వెదజల్లి ప్రక్కనున్న నాళములనుండి కొమ్మలు రప్పించుకొనును. ఆ మాంసకృత్తును బంధించి పనిచేయనీయనిదే ఈ మందు. 2004లో అమెరికాలో దీనికి అనుమతి లభించెను. 2008లో మరణించిన ఫోక్‌మన్ దానిని కన్నులార చూచెను.

ఇక ఫలిత మెంత? అనుమతికి ఆధారమైన పరీక్షలో కీమోథెరపీ మాత్రమే పొందినవారిలో సగముమంది 15.6 నెలలకు మించి జీవించిరి. ఈ మందును గూడ పొందినవారిలో సగముమంది 20.3 నెలలకు మించి జీవించిరి. అనగా భేదము ఐదు నెలలకు కొంచెము తక్కువ. ఇది చిన్నదని మేమనము. ఆ నెలలు మనుమరాలి పెండ్లి చూపవచ్చును. కాని ఇది వ్యాధి కుదురుట కాదు. ఈ మాట చెప్పినపుడు వారు చాలసేపు మాటాడలేదు.

మందును రెండు మూడు వారముల కొకసారి నరములోనికి ఎక్కింతురు. రక్తపోటు పెరుగవచ్చును, నెత్తురు కారవచ్చును, అరుదుగా ప్రేగునకు రంధ్రము పడును. హఠాత్తుగా కడుపునొప్పి వచ్చినచో తెల్లవారువరకు ఆగరాదు. గాయములు త్వరగా మానవు గనుక శస్త్రచికిత్సకు కనీసము 28 దినములు ముందుగా ఆపుదురు. హైదరాబాదు, బెంగుళూరు సంస్థలును ఇట్టి మందును తయారుచేసినవి, వెలలు వేరు. ఎన్ని మార్లు ఎక్కింతురో, దేనికొరకో, తక్కువ వెలది తగునో వైద్యుని అడుగుమని మూడు ప్రశ్నలు తెలుగున వ్రాసి వారికిచ్చితిమి.

వెళ్లుచు ద్వారమువద్ద నిలిచి వారొక మాట చెప్పిరి. తల్లిగారికి ఏడాదిగా విరేచనములో నెత్తురు పడుచుండెనట. మొలలని యెంచి ఎవరికిని చూపలేదట.