శోకములో వినయము

మృత్యువు చొచ్చిన యింటికి ఓదార్పునకై పోయి మనమేమనుచున్నాము? "ఏడువకమ్మా, దేవుడున్నాడు" అనుచున్నాము. ఈ మాట భక్తివలన బుట్టినదా, పరుల కన్నీరు చూడలేమివలన బుట్టినదా యని విచారింపవలసియున్నది. ఈ విషయమున విలాపకావ్యములే మనకు గురువులు.

రఘువంశము ఎనిమిదవ సర్గమున ఇందుమతి మరణింపగా అజమహారాజు విలపించును. యజ్ఞదీక్షలోనున్న వసిష్ఠుడు శిష్యునిచే తత్త్వబోధ నంపెను. అజుడట్లేయని శిష్యుని సాగనంపెను గాని, శోకము నిండిన హృదయములో నా బోధకు చోటు చిక్కలేదని కాళిదాసు చెప్పెను. గురువాక్య మసత్యము కాదు; రాజు నాస్తికుడును కాడు. పసివాడగు దశరథునికొరకు ఎనిమిదేండ్లు ప్రాణములు నిలుపుకొని, తుదకు గంగాసరయూ సంగమమున దేహము విడిచెను.

సంగమమహిమ మనకు క్రొత్త కాదు. చేనేతవారి యూరగు మా రాజోలి నొరసి పారు తుంగభద్ర, ఆలంపురము దాటి కృష్ణలో గలియును. 2009 అక్టోబరులో నీ నదియే యూరిలో జొచ్చి యిండ్లను, మగ్గములను ముంచినది. అయినను మనము మ్రొక్కునది దానికే. మొరయు, మ్రొక్కును ఒక్క హృదయమున నిముడునని దీనివలన దెలియుచున్నది.

భారతమున స్త్రీపర్వము చూడుడు. తిక్కన తెనిగించిన పదునైదు పర్వములలో నిదియొకటి. గాంధారి తన కొడుకులకొరకే గాక, అభిమన్యునిపై బడి యేడ్చు ఉత్తరను జూచియు వగచెను. పిమ్మట సాక్షాత్తు కృష్ణునే నిందించి, ముప్పదియాఱేండ్లకు యాదవులు నశింతురని శపించెను. కృష్ణు డామె తప్పెన్ని మందలించినను, శాపమును త్రోసివేయలేదు; చిరునవ్వుతో నంగీకరించెను. ఆ ఘట్టమున వినయము భగవంతునిది!

ఆంగ్లకవి టెన్నిసను త్రోవ వేఱు. 1833లో మిత్రుడు హాలము మరణింపగా, పదునేడేండ్లు వ్రాసిన శోకగీతముల నాతడు 1850లో తన పేరు లేకయే ప్రకటించెను. మొదట నొక ప్రార్థన నుంచి, తన దుఃఖమునే క్షమింపుమని దైవమును వేడుకొనెను.

ఒకరు నిందించిరి, ఒకరు క్షమాపణ వేడిరి. ఇరువురును పలికినది దైవముతోనే. కావున దుఃఖించువారికి విశ్వాసము లేదని తీర్పు చెప్పుటకు మనమెవ్వరము? వినయము వలసినది ముందుగా నోదార్చువారికి. దగ్గఱ గూర్చుండి, యేడ్వనిచ్చి, ఆ యింటి పసిబిడ్డకింత యన్నము పెట్టుదము. ఉపదేశమునకు వేళ వచ్చినపుడు వసిష్ఠులే వత్తురు.