వెన్నుపాము దెబ్బతిన్నవారికి తోడుగా: తీరగ్రామాల వాలంటీర్లు తెలుసుకోవలసినవి

తెల్లవారుజామున మన తీరంలోని మత్స్యకార గ్రామం ఎలా ఉంటుందో మీకు తెలుసు. మగవాళ్లు అప్పటికే పడవల మీద ఉంటారు. ఇంకాసేపటికి ఆడవాళ్లు తట్టలు సర్దుకుని ఒడ్డుకు, అక్కడి నుంచి చేపల మార్కెట్టుకు వెళ్తారు. పిల్లలు బడికి పోతారు. ఆ ఇంట్లో నడుము కింది భాగం చచ్చుబడిపోయిన మనిషి మంచం మీద ఉంటే ఆయనను పక్కకు ఒత్తిగిలించేది ఎవరు? ఇల్లాలు సరుకు అమ్ముకుని తిరిగి వచ్చేసరికి ఏడెనిమిది గంటలు గడిచిపోతాయి.

పడక పుండ్లతో ఆసుపత్రికి వచ్చే వెన్నుపాము రోగులను చూసి చాలామంది, ఇంటివాళ్లు పట్టించుకోలేదని అనుకుంటారు. ఎక్కువసార్లు అది నిజం కాదు. ఇంట్లో ప్రేమ ఉంటుంది. ఆ గంటల్లో మనిషి ఉండరు, అంతే. వాలంటీర్ల అవసరం సరిగ్గా అక్కడే ఉంది. ఆదివారం సాయంత్రం పన్నెండు మంది కలిసి వెళ్లి, పళ్లు ఇచ్చి, ప్రార్థన చేసి రావడం మంచిదే. కానీ సోమవారం ఉదయం పది గంటలకు ఒక్కరు వెళ్లి పక్క మార్చి వస్తే ఆ రోగి ప్రాణానికి అంతకంటె ఎక్కువ మేలు జరుగుతుంది. ఇది కొంచెం కటువుగా వినిపించవచ్చు. కానీ దీన్ని చెప్పకుండా మిగతా సంగతులు చెప్పడంలో అర్థం లేదు.

అసలు ఏమి జరుగుతుంది?

వెన్నుపాము అంటే మెదడు నుంచి బయలుదేరి వెన్నెముక లోపలి గొట్టంలో నడుము పైభాగం వరకు దిగే నరాల తాడు. పెద్దవారిలో సుమారు 45 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. కాళ్లూ చేతులూ కదలమని మెదడు ఇచ్చే ఆజ్ఞలు, చర్మం నుంచి వచ్చే నొప్పి, వేడి, ఒత్తిడి కబుర్లు, మలమూత్రాల అదుపు అన్నీ దాని గుండానే నడుస్తాయి. అది ఎక్కడ దెబ్బతింటే అక్కడి నుంచి కిందికి కబుర్లు ఆగిపోతాయి. మెడ దగ్గర అయితే నాలుగు అవయవాలూ, నడుము దగ్గర అయితే కాళ్లూ చచ్చుబడతాయి.

కోనసీమలో కొబ్బరిచెట్టు, మరోచోట తాటిచెట్టు, రోడ్డు మీద లారీ, ఒడ్డున అల. కారణాలు ఇలా ఉంటాయి. సెలవులకు వచ్చిన కుర్రవాళ్లు లోతులేని నీటిలోకి తలకిందులుగా దూకి మెడ విరగ్గొట్టుకోవడం ప్రపంచంలోని అన్ని తీరాల్లోనూ జరుగుతున్నదే. పెద్ద అల మనిషిని ఎత్తి ఇసుక మీద తలకిందులుగా పడేసినా అంతే. అలాంటివారిని కాళ్లూ చేతులూ పట్టుకుని ఊపుకుంటూ మోసుకురావద్దు. కూర్చోబెట్టి నీళ్లు తాగించవద్దు. నీటిలో ఉంటే ముఖం పైకి ఉండేలా తేల్చి, తలా మెడా వీపూ ఒకే వరుసలో ఉంచి, కిందికి ఒక చెక్క పలక జార్చి, నలుగురు కలిసి ఒకేసారి ఎత్తండి. 108కి ఫోన్ చేయండి. విరిగిన ఎముక అటూ ఇటూ కదిలితే, అప్పటివరకు నలగని నరాలు కూడా నలిగిపోతాయి.

రెండు గంటల లెక్క

మొదటి ప్రపంచ యుద్ధంలో వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల్లో ఎక్కువమంది కొద్ది కాలంలోనే మరణించారు. చాలామందిని చంపింది అసలు గాయం కాదు. పడక పుండ్లు, మూత్రంలో చేరిన చీము. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అనే వైద్యుడు ప్రత్యేక వార్డు తెరిచి, ప్రతి రోగినీ రాత్రీ పగలూ రెండు గంటలకొకసారి పక్క మార్పించాడు. ఆ పని చేసింది నర్సులు, వార్డు సహాయకులు. ఎత్తడం, తిప్పడం, చర్మం చూడడం, మళ్లీ రెండు గంటలకు రావడం. అలా బతికిన వారిలో పదహారు మంది 1948లో అదే ఆసుపత్రి ఆవరణలో విలువిద్య పోటీలో పాల్గొన్నారు. నేటి పారాలింపిక్స్‌కు అదే ఆరంభం.

మనం నిద్రలో కూడా తెలియకుండానే అటూ ఇటూ కదులుతాం. ఒకేచోట ఒత్తుకుంటే నొప్పి పుట్టి కదిలిస్తుంది. స్పర్శ లేని చర్మానికి ఆ కాపలా లేదు. ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలిగి, రక్తం అందక, కొద్ది గంటల్లోనే చచ్చిపోవడం మొదలవుతుంది. కనుక ఇంటికి వెళ్లిన వాలంటీరు మొదట చూడవలసినవి నడుము కింది ఎముక, తుంటి రెండు పక్కలు, మడమలు, చీలమండలు. ఎర్రగా గానీ, నల్లని ఒంటిపై మరింత నల్లగా గానీ కనిపించిన చోట వేలితో నొక్కి వదలండి. రంగు మారకుండా అలాగే ఉంటే, ఆ చోట తగ్గేవరకు ఏ మాత్రం బరువు పడకూడదు. అక్కడ నూనె పెట్టి రుద్దవద్దు. లోపల నలిగిన కండ రుద్దితే ఇంకా పాడవుతుంది. నడుము కింద గాలి ట్యూబు పెట్టే అలవాటు మన ఊళ్లలో ఉంది. అదీ వద్దు. మధ్యలో ఖాళీ ఉన్నట్టే ఉంటుంది గానీ, దాని అంచు చుట్టూ రక్తాన్ని నొక్కేస్తుంది. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాలిలో తేలేలా చూస్తే చాలు. చక్రాల కుర్చీలో కూర్చున్నవారిని ప్రతి అరగంటకు ముందుకో పక్కకో వంచి ఒకటి రెండు నిమిషాలు ఉంచాలి.

తిప్పేటప్పుడు ఈడ్వవద్దు, ఎత్తండి. ఒక్కరి వల్ల కాదనిపిస్తే ఇద్దరు వెళ్లండి. ముట్టుకునే ముందు, “బాబాయ్, ఈ పక్కకు తిప్పనా?” అని అడగండి. స్పర్శ లేకపోయినా శరీరం ఆయనదే.

ఇసుక, ఎండ, ఉప్పు

తీరంలో ఉండేవారికి మరికొన్ని చిక్కులు ఉన్నాయి. దుప్పటి మీద చేరిన ఇసుక రేణువులు చర్మాన్ని గీకుతాయి, కనుక పక్క మార్చిన ప్రతిసారి దులపండి. మే నెలలో మధ్యాహ్నపు ఇసుక, ఎండలో నిలిపిన కుర్చీ రెక్సిన్ సీటు, ఒళ్లో పెట్టిన టీ గ్లాసు స్పర్శ లేని చర్మాన్ని కాలుస్తాయి, ఆ మనిషికి తెలియదు. కాలిందని సాయంత్రం బొబ్బ చూసినప్పుడే అర్థమవుతుంది.

మెడ దగ్గరో వీపు పైభాగంలోనో దెబ్బతిన్నవారికి చెమట సరిగా పట్టదు. మనకు ఉక్కపోతగా ఉన్న రోజు వారికి ఒళ్లు జ్వరంలా కాలిపోవచ్చు. నీడ, తడిగుడ్డ, ఫ్యాను, తాగే నీరు అప్పటి మందులు.

చక్రాల కుర్చీని ఇసుకలో ముందుకు తోయకండి. చిన్న చక్రాలు కూరుకుపోయి మనిషి ముందుకు తూలిపడతాడు. కుర్చీని వెనక్కి తిప్పి, పెద్ద చక్రాల మీదికి కొంచెం వాల్చి, వెనక్కి లాక్కుంటూ వెళ్లండి. తిరిగి వచ్చాక చక్రాల ఇరుసులు మంచినీటితో కడిగి, ఆరబెట్టి, చుక్క నూనె వేయండి. ఉప్పుగాలికి తుప్పు ఎంత త్వరగా పడుతుందో మనవాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు.

మూత్రం విషయం సిగ్గుపడేది కాదు

మూత్రసంచి నిండినట్టు తెలియదు, తెలిసినా వదలడం కుదరదు. నిల్వ ఉంటే చీము పట్టి కిడ్నీలు చెడతాయి. 1972లో అమెరికాలో జాక్ లాపిడెస్ అనే వైద్యుడు ఒక సులువైన దారి చూపించాడు. రోజుకు నాలుగైదు సార్లు శుభ్రమైన సన్నని గొట్టంతో మూత్రం తీసి, గొట్టం తీసేయడం. చేతులు పనిచేసేవారు దీన్ని తామే నేర్చుకోవచ్చు. వాలంటీరు ఈ పని చేయనవసరం లేదు, నర్సు శిక్షణ లేకుండా చేయకూడదు కూడా. వేళ గుర్తు చేయడం, చేతులు కడుక్కోవడానికి సబ్బూ నీళ్లూ అందించడం, గది తలుపు వేసి బయట నిలబడడం చాలు. ఎప్పుడూ గొట్టం పెట్టుకునే ఉండేవారైతే సంచి మూత్రాశయం కంటె కిందికి వేలాడుతోందా, గొట్టం ఎక్కడైనా మెలిపడిందా అని చూడండి. మూత్రం మసకగా, దుర్వాసనతో ఉండి జ్వరం కూడా వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి. నొప్పి లేదు కదా అని ఆగవద్దు. నొప్పి తెలిసే దారి మూసుకుపోయింది మరి.

ఒక్క అపాయం మాత్రం ప్రతి వాలంటీరుకూ కంఠతా ఉండాలి. వీపు మధ్యభాగానికి పైన దెబ్బతిన్నవారికి హఠాత్తుగా తల పగిలేంత నొప్పి, ముఖం ఎర్రబడడం, గాయం పైభాగాన చెమటలు కనిపిస్తే రక్తపోటు ప్రమాదకరంగా పెరిగిందన్నమాట. దీన్ని మెదడులో రక్తస్రావం దాకా వెళ్లనివ్వకూడదు. వెంటనే లేపి నిటారుగా కూర్చోబెట్టండి, కాళ్లు కిందికి దించండి. పడుకోబెట్టడం తప్పు. బెల్టు, లుంగీ ముడి, బూట్లు, మూత్ర సంచి పట్టీ అన్నీ వదులు చేయండి. తరువాత గొట్టం మెలిపడిందేమో చూడండి. ఎక్కువసార్లు కారణం నిండిన మూత్రసంచే. మలబద్ధకం, పుండు, ఆఖరికి కాలిలో పెరిగిన గోరు కూడా కావచ్చు. తగ్గకపోతే 108. ఈ నాలుగు ముక్కలు అట్ట మీద రాసి మంచం దగ్గర గోడకు అంటించండి.

మరో సంగతి. చచ్చుబడిన కాలు ఒక్కోసారి తనంతట తాను ఎగురుతుంది, బిగుసుకుంటుంది. దాన్ని చూసి నరాలు తిరిగి వస్తున్నాయని ఇంటివాళ్లు సంతోషిస్తారు. ఎవరో చెప్పారని దూరాన ఉన్న వైద్యుడి దగ్గరికి పోయి వేలకు వేలు ఖర్చు చేస్తారు. మెదడు అదుపు లేని వెన్నుపాము తనంతట తాను చేసే పని అది. ఆ ఎగరడం ఉన్నట్టుండి ఎక్కువైతే, కింద ఎక్కడో పుండో చీమో ఉందని హెచ్చరికగా తీసుకోండి. ఇది చెప్పడం కష్టమే. అయినా అప్పు చేయకముందే చెప్పాలి.

ఇది జరిగే పనేనా?

జరుగుతోంది. కేరళలో కోళికోడ్ కేంద్రంగా 1993లో మొదలైన పాలియేటివ్ సేవ, తరువాతి దశాబ్దంలో మలప్పురం వంటి జిల్లాల ఊళ్లకు పాకింది. అదీ సముద్రతీరమే, అక్కడా చేపలు పట్టేవారే. వాలంటీర్లు పదహారు గంటల పాఠాలు విని, నాలుగు రోజులు నర్సులతో కలిసి ఇళ్లకు తిరిగి నేర్చుకుంటారు. ఖర్చుకు దుకాణాల్లో పెట్టిన డబ్బాల్లో పడే చిల్లర కూడా ఒక ఆధారం. క్యాన్సర్ రోగులతో మొదలైన ఆ సేవ, ఏళ్ల తరబడి మంచాన ఉన్న వెన్నుపాము రోగుల దాకా వచ్చింది. కేరళ ప్రభుత్వం 2008లో దాన్ని తన విధానంగా చేసుకుంది.

మంచం దగ్గర తోడుతోనే పని అయిపోదు. వేలూరు మిషన్ ఆసుపత్రిలో డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో నడుము కింద స్పర్శ కోల్పోయారు. తరువాత చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. ఆమె కృషితో అక్కడ పునరావాస కేంద్రం 1966లో ప్రారంభమైంది. మన జాలరి సోదరునికి ఆపరేషన్ థియేటర్ అక్కరలేదు. వల కావాలి. వల అల్లేవాడు దాన్ని కాలి బొటనవేలికి తగిలించుకుని లాగి పడతాడు. ఆ వేలు పనిచేయకపోతే ఎదురుగా గుంజకు ఒక కొక్కెం కొట్టండి. ఒడ్డున వేలం పాటలో లెక్క రాసేందుకు చేతులూ కళ్లూ చాలు. కానీ ఆయన ఒడ్డుకు చేరాలి కదా. చెన్నై మెరీనాలో చక్రాల కుర్చీలు నీటి దాకా వెళ్లేందుకు 263 మీటర్ల చెక్క దారిని 2022 నవంబరులో ప్రారంభించారు. వికలాంగులు ఏళ్లపాటు అడిగితే వచ్చిన దారి అది. రెండు వారాలు తిరగకుండానే మాండూస్ తుపానుకు దెబ్బతింటే మళ్లీ బాగు చేశారు. మన ఊరికి అంత అక్కరలేదు. ఇంటి గుమ్మం నుంచి సిమెంటు రోడ్డు దాకా నాలుగు పలకలు పరిస్తే చాలు.

కాగితాల పనికీ ఒకరు కావాలి. సదరం సర్టిఫికెట్టు కోసం మనిషిని క్యాంపుకు మోసుకెళ్లడం ఇంటివాళ్ల వల్ల కాక ఎందరో ఆగిపోతున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను రూ. 6,000కు, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి రూ. 15,000కు పెంచింది. ఆటో మాట్లాడి, దారిలో కూర్చోబెట్టేందుకు మెత్తని దిండు తీసుకుని, రోజంతా తోడుండే మనిషి దొరికితే ఆ ఇంటికి నెలనెలా జరుగుబాటు ఉంటుంది.

ఇక మొదలుపెట్టడం. ఒక రోగికి ఆరేడుగురు చాలు. ఇంటివాళ్లను కూర్చోబెట్టి, ఏ రోజు ఏ గంట నుంచి ఏ గంట దాకా ఇంట్లో ఎవరూ ఉండరో అడిగి కాగితం మీద రాయండి. ఆ ఖాళీల్లోనే మీ పేర్లు వేయండి. అందరికీ వీలైన సాయంత్రాల్లో వద్దు. మొదటి రెండు సార్లు నర్సుతోనో ఫిజియోథెరపిస్టుతోనో కలిసి వెళ్లి చూసి నేర్చుకోండి. రాలేని రోజు ముందుగా చెప్పి, బదులు మనిషిని పంపండి. వస్తానని రాకపోతే ఆ రెండు గంటలు నాలుగవుతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కనుక మగవాళ్లు ఇంటిపట్టునే ఉంటారు, పక్క మార్చడం వాళ్లకు నేర్పడానికి అదే మంచి సమయం. జూన్ 15న పడవలు కదిలేలోగా కొత్త జాబితా గోడ మీద ఉండాలి.