ప్రస్తావనా ప్రయోజనము

ప్రపూర్వకమగు ష్టుఞ్ ధాతువునకు ణిచ్చును, దానిపై యుచ్ప్రత్యయమును రాగా ప్రస్తావనాశబ్దము నిష్పన్నమగుచున్నది. ఎత్తుకొనబోవు విషయమును మాటలోనికి దెచ్చుట యని యర్థము. ఆముఖమనునది దీనికే నామాంతరము. నాందీప్రస్తావనలను ఒక్కటిగా దలచువారు కలరు, అది సరికాదు. నాంది శుభము గోరు స్తుతి. అది ముగిసిన పిదప సూత్రధారుడు నటితోనో పారిపార్శ్వకునితోనో సంభాషించుచు, కవికావ్యనామములను దెలిపి, సభను కథలోనికి గొనిపోవుట ప్రస్తావన.

ఈ గొనిపోవుటయే దాని ప్రాణము. సభవారి కాలము వేఱు, కథాకాలము వేఱు. ఆ రెంటిని గలుపు విధములను ధనంజయుడు దశరూపకమున కథోద్ఘాతము, ప్రవృత్తకము, ప్రయోగాతిశయము అని మూడుగా జెప్పెను. సాహిత్యదర్పణమున విశ్వనాథుడు ఉద్ఘాత్యకావలగితములను జేర్చి యైదు చేసెను. రత్నావళిలో సూత్రధారుని శ్లోకమునే మరల బఠించుచు యౌగంధరాయణుడు ప్రవేశించుట కథోద్ఘాతము. ముద్రారాక్షసమున చంద్రగ్రహణమును గూర్చిన మాటను చంద్రగుప్తునకు గలుగు నాపదగా గ్రహించి చాణక్యుడు తెరలోనుండి కోపించుట ఉద్ఘాత్యకము. మరియొక నాటకమునకు మార్చినను చెల్లునట్టి ప్రస్తావన పేరునకే ప్రస్తావన.

చరిత్రకును దీనివలన నుపకారము గలదు. భవభూతి తన వంశమును మాలతీమాధవ ప్రస్తావనలోనే చెప్పుకొనెను. 1912 మొదలుకొని గణపతిశాస్త్రి అనంతశయనమున బ్రకటించిన రూపకములలో దీనికి స్థాపన యని పేరు. అందు కవినామము లేదు. అవి భాసకృతములగునా కావా యను వాదము నేటికిని దీరలేదు. ఒక్క పేరు లోపించుటచే గలిగిన నష్టమిది.

ఆంధ్రదేశమున నీ లక్షణమునకు లక్ష్యమును గల్పించినవాడు విద్యానాథుడు. ఓరుగంటి ప్రతాపరుద్రుని యాస్థానమున రచించిన ప్రతాపరుద్రీయములో, నాటకప్రకరణమునందు, ప్రతాపరుద్రకల్యాణమను నైదంకముల నాటకమునే యుదాహరణముగా నిలిపెను. దానికి రత్నాపణవ్యాఖ్య వ్రాసిన కుమారస్వామి మల్లినాథసూరి పుత్రుడు. వీరి యింటిపేరునకు మూలమగు కొలచారము, నారాయణఖేడ్ చెంతనున్న సిర్గాపూరు, రెండును పూర్వపు మెదకు మండలములోనివే.

ఆధునికాంధ్ర నాటకములు పెక్కింట సూత్రధారుడు మఱుగుపడెను. అంతమాత్రమున దోషము లేదు. 1909 నాటి కన్యాశుల్కమున గిరీశము ఒంటరిగా బ్రవేశించి, తన యప్పులను, ఊరు విడువవలసిన యవసరమును దానే చెప్పుకొనును. సభ కథలో బడును. ఇట ప్రస్తావన పేరు పోయినను పని నిలిచినది. సూత్రధారుని నిలిపి కథాసంధిని విడుచుటకంటె, అతనిని విడిచి సంధిని నిలుపుటయే శాస్త్రహృదయమునకు సమీపము. అయినను కవినామమును సభకు వినిపించు మర్యాదను మాత్రము నాటకసమాజములు విడువరాదు.