ఇంకో ప్లగ్గు పెట్టే ముందు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు కబురు పెట్టినప్పుడు ముందు ఒక కవిత రాద్దామనుకున్నాం. కానీ పోయిన వర్షాకాలం మా ఇంట్లో జరిగిన సంగతి మనసులోంచి పోలేదు. అదే రాస్తున్నాం.

మేము ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాం. మా ఇంట్లో డిగ్రీ ముఖం చూసింది మేమే మొదలు. ఓమ్ నియమం నిద్రలో లేపి అడిగినా చెప్తాం. అయినా మా గోడలో ఉన్న వైరు ఎంత లావుందో ఏనాడూ చూడలేదు.

ఇంటి ముందు రేకుల షెడ్డులో నాన్న ఆటో పెడతారు. తమ్ముడు ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నాక అదీ అక్కడే చేరింది. షెడ్డులో ఒక బల్బు తప్ప ప్లగ్గు లేదు. అందుకని వరండాలో ఫ్యాను బోర్డు నుంచి టూ కోర్ వైరు లాగి, కిటికీ ఇనుప గ్రిల్ లోంచి బయటికి తెచ్చి, చివర ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించాం. "చదువుకున్నోడు కదా, వాడికి తెలుసులే" అన్నారు నాన్న.

నెల రోజులు బాగానే నడిచింది. ప్లగ్గు వేడెక్కుతోందని తమ్ముడు రెండుసార్లు చెప్పాడు, పట్టించుకోలేదు. ఒక సాయంత్రం జల్లు కొడుతుంటే అమ్మ కిటికీ తలుపు వేయబోయి గ్రిల్ పట్టుకుంది. షాక్ కొట్టి వెనక్కి పడిపోయింది. రెండు రోజులు చెయ్యి తిమ్మిరెక్కి ఉంది. అంతటితో పోయింది. చూస్తే, గ్రిల్ అంచుకు రాసుకుని వైరు తొడుగు చిట్లి ఉంది.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఒక్కటే. అమ్మకు అంత షాక్ కొడితే ఫ్యూజు ఎందుకు పోలేదు?

మర్నాడు వచ్చిన లైసెన్సు ఎలక్ట్రీషియన్ పెద్దాయన నవ్వి, "బాబూ, ఫ్యూజు వైరును కాపాడటానికి. మనిషిని కాదు" అన్నాడు. లెక్క వేస్తే నిజమే. తడి ఒంటి నిరోధం వెయ్యి, రెండు వేల ఓమ్‌ల దాకా పడిపోతుంది. 230 వోల్టుల దగ్గర అంటే 0.1 నుంచి 0.2 ఆంపియర్ల కరెంటు పోతుంది. మనిషి ప్రాణం తీయడానికి అది చాలు. 5 ఆంపియర్ల ఫ్యూజుకు మాత్రం అది లెక్కలోకే రాదు. ఎం.సి.బి. ఉన్నా అంతే. అది కూడా లోడు ఎక్కువైనా, షార్ట్ అయినా పడుతుంది తప్ప మనిషికి షాక్ కొట్టినంత మాత్రాన పడదు. పరీక్షల్లో ఇలాంటి లెక్కలు వందలు చేశాం. ఏ ఒక్కదానిలోనూ అమ్మ చెయ్యి లేదు.

మనిషి కోసం ఉన్నది ఆర్.సి.సి.బి. ఫేజులో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగి వస్తోందా లేదా అని అది చూస్తూ ఉంటుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు, అంటే 0.03 ఆంపియర్లకు చేరేసరికి కనురెప్పపాటులో సరఫరా తెంచేస్తుంది.

ఇక ప్లగ్గు వేడి సంగతి. మా చార్జరు 750 వాట్లు, అంటే 3.3 ఆంపియర్ల దాకా. ఇస్త్రీ పెట్టె దీనికన్నా ఎక్కువే లాగుతుంది కానీ పావుగంటలో తీసేస్తాం. చార్జరు ఆగకుండా నాలుగైదు గంటలు లాగుతుంది. పైగా కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. వదులుగా ఉన్న స్క్రూ దగ్గర నిరోధం ఎక్కువ కాబట్టి ఆ వేడంతా అక్కడే పుడుతుంది. బోర్డు విప్పితే లోపల ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి ఉంది. పచ్చ వైరు ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఇల్లు కట్టిననాడే ఎర్తు వేయలేదన్నమాట.

పెద్దాయన మేము లాగిన వైరు పీకేసి మీటరు బోర్డు నుంచే వేరే లైను వేశాడు. ఫేజుకు ఎరుపు, న్యూట్రల్‌కు నలుపు, రెండూ 2.5 చదరపు మి.మీ. రాగి వైర్లు. ఎర్తుకు పచ్చ వైరు. అన్నీ పి.వి.సి. పైపులో. ఆ లైనుకు 16 ఆంపియర్ల ఎం.సి.బి., దానికి ముందు ఆర్.సి.సి.బి. ఇంటి పక్కన గొయ్యి తీసి జి.ఐ. పైపు దించి బొగ్గు, ఉప్పు పోసి ఎర్తు కట్టాడు. ఆర్.సి.సి.బి. కలపక ముందు ఫేజుకు, ఎర్తుకు మధ్య బల్బు పెట్టి చూపించాడు, నిండుగా వెలిగింది. అది కలిపాక అదే బల్బు పెడితే టక్కున సరఫరా పోయింది. మా ల్యాబులో ఇంత చక్కని ప్రయోగం చూడలేదు. (మీరు మాత్రం ఇది చేయకండి.)

సాకెట్లను జల్లు పడని గోడకు, నడుము కన్నా ఎత్తులో, మూత ఉన్న పెట్టెలో పెట్టించాం. ఎత్తుకు ఇంకో కారణం కూడా ఉంది. షెడ్డులో నాన్న పెట్రోలు డబ్బా ఉంటుంది. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, నేలబారున పేరుకుంటుంది. స్విచ్చులో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు దానికి. ఆ డబ్బాను కూడా బయటికి మార్చాం.

ఇప్పుడు మీ సంగతికి వద్దాం. హాస్టల్లో ఒక్క 6 ఆంపియర్ల ప్లగ్గుకు ఆరు కన్నాల బాక్సు తగిలించి వాడటం మేమూ చేశాం. కన్నాలు ఆరైనా వెనక వైరు ఒక్కటే. 1500 వాట్ల హీటర్ రాడ్డు, 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె కలిస్తే దాదాపు 11 ఆంపియర్లు. ఫోన్లు పదీ కలిపి పెట్టినా వాటితో అంత భయం లేదు, రాడ్డుతోనే. ప్లగ్గులు చాలకపోతే గదివారీగా లెక్క రాసి అందరూ సంతకాలు చేసి అర్జీ ఇవ్వండి. అందులో ఎర్తు, ఆర్.సి.సి.బి. అనే మాటలు మరిచిపోకుండా రాయండి.

ఆర్.సి.సి.బి. మీద టి అని రాసిన బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కి, పడుతోందో లేదో చూడాలి. మా ఇంట్లో ఆ పని అమ్మ తీసుకుంది. ప్రతి అమావాస్యకు నొక్కుతుంది, మమ్మల్ని నమ్మడం మానేసింది.