మల్లెకు చలికాలం విశ్రాంతి: నీళ్లు ఆపడం నుంచి తొలి చిగురు వరకు

డిసెంబరులో గుండుమల్లె తోట పని లేనట్టు కనిపిస్తుంది. పూలు ఉండవు, కొమ్మలు ముదురుతాయి, ఆకు మసకబారుతుంది. తోట ఎండిపోతోందేమోనని కొందరు రైతులు వారం వారం నీళ్లు పెడుతూనే ఉంటారు. మరికొందరు ఎలాగూ పూలు లేవని తోట వైపు చూడరు. ఈ రెండూ నష్టమే. మార్చి నుంచి వచ్చే పూల దిగుబడి ఈ చలి రోజుల్లో మొక్కకు ఇచ్చే విశ్రాంతి మీద, ఆ తర్వాత చేసే కత్తిరింపు మీద ఆధారపడి ఉంటుంది.

విశ్రాంతి ఎందుకు?

గుండుమల్లె పూలు కొత్త చిగుళ్ల మీదే వస్తాయి. పాత కొమ్మ మీద నేరుగా పూయవు. అంటే ఎన్ని బలమైన కొత్త చిగుళ్లు వస్తే అన్ని మొగ్గలు. చలికి మొక్క పెరుగుదల దానంతట అదే నెమ్మదిస్తుంది. ఆ సమయంలో నీళ్లు కూడా ఆపితే కొత్త ఆకు వేయడం మానేసి, తయారుచేసుకున్న ఆహారాన్ని కొమ్మల్లో, వేళ్లలో దాచుకుంటుంది. తర్వాత కత్తిరించి నీళ్లిస్తే ఆ నిల్వతో చిగుళ్లన్నీ దాదాపు ఒకేసారి వస్తాయి. నిమ్మ తోటను బెట్టకు పెట్టడం వెనక ఉన్నదీ ఇదే సూత్రం.

మంచు కురిసే దేశాల్లో మల్లెను కుండీల్లో పెంచేవారు చలికాలంలో వాటిని ఇంట్లోకి చేర్చి, నీళ్లు బాగా తగ్గించి ఉంచుతారు. మన దగ్గర చలికి మొక్క చనిపోయే ప్రమాదం లేదు కాబట్టి తోటలోనే నీళ్లు ఆపితే సరిపోతుంది.

నీళ్లు ఎప్పుడు, ఎన్నాళ్లు ఆపాలి?

కత్తిరించాలనుకున్న రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టుకోండి. తేలికపాటి ఎర్ర నేలల్లో సుమారు 2-3 వారాలు, తేమ పట్టి ఉంచే నల్ల నేలల్లో 4-5 వారాలు ముందుగా తడులు ఆపాలి. డ్రిప్ ఉంటే ఆ వరుసల వాల్వులు కట్టేయాలి.

రోజుల లెక్క కన్నా మొక్కను చూసి నిర్ణయించుకోవడం మేలు. ముదురు ఆకులు పసుపు రంగుకు తిరిగి రాలుతుంటే విశ్రాంతి సరిగ్గా సాగుతున్నట్టు. కొమ్మను గోటితో గీకి చూడండి. బెరడు కింద పచ్చగా ఉంటే భయం లేదు. గోధుమ రంగు కనిపించి, సన్న కొమ్మలు పుటుక్కున విరుగుతుంటే బెట్ట ఎక్కువైంది. వెంటనే తేలికపాటి తడి ఇవ్వాలి.

నాటి రెండేళ్లు నిండని మొక్కలను బెట్టకు పెట్టకూడదు. వాటి వేళ్లు ఇంకా లోతుకు దిగి ఉండవు. తడుల మధ్య ఎడం పెంచితే చాలు.

మధ్యలో వాన పడితే

నవంబరు, డిసెంబరుల్లో తుపాను వానలు మనకు కొత్త కాదు. వాన పడగానే మొక్క మేలుకుని పలచని చిగుళ్లు వేస్తుంది. తోటలో నీరు నిలవకుండా కాలువలు తీయండి. ఎరువు వేయకండి. నేల ఆరాక మరో 10-15 రోజులు ఆగి కత్తిరింపు మొదలుపెట్టండి. ఆ పలచని చిగుళ్లు ఎలాగూ కత్తిరింపులో పోతాయి.

ఆకు రాల్చడం

చాలాచోట్ల రైతులు గొర్రెలను, మేకలను తోటలోకి తోలి ఆకు మేపిస్తారు. ఖర్చు తక్కువ, ఎరువు కూడా దక్కుతుంది. అయితే ఇటీవల పురుగుమందు కొట్టిన తోటలోకి జీవాలను తోలకూడదు, వాటి ప్రాణానికే ముప్పు. మందు డబ్బాపై రాసిన గడువు చూసుకుని, ఏం కొట్టారో, ఎప్పుడు కొట్టారో కాపరికి ముందే చెప్పండి. మేకలు బెరడు కొరకకుండా కాపలా ఉండాలి. జీవాలు దొరకకపోతే చేత్తో ఆకు దూయించవచ్చు.

కత్తిరింపు

గుండుమల్లెను నవంబరు చివరి నుంచి జనవరి మొదటి వారాల్లోపు నేల నుంచి సుమారు 50 సెంటీమీటర్ల, అంటే మూరెడు ఎత్తులో కత్తిరించాలి. ఎండిన, తెగులు సోకిన, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలను మొదలంటా తీసేయాలి. కుదురు మధ్యలోకి గాలి, వెలుతురు దూరాలి. పదునైన కత్తెరే వాడండి. మొద్దు కత్తితో కొడితే కొమ్మ చీలి, అక్కడి నుంచి తెగులు దిగుతుంది. కత్తిరించిన వెంటనే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి కొమ్మలు తడిసేలా పిచికారీ చేయాలి.

మల్లె జాతులన్నింటినీ ఒకే గాటన కట్టకండి. జాజిమల్లెను డిసెంబరు చివర నుంచి జనవరి మూడో వారం వరకు కత్తిరిస్తారు. కాగడా మల్లె చలికాలంలోనే పూస్తుంది. దానికి ఇప్పుడు నీళ్లు ఆపితే చేతికొచ్చే పంట పోతుంది. పూత పూర్తయ్యాకే కత్తిరించాలి.

ఒకేసారి కాకుండా భాగాలుగా

అరెకరం తోటను మూడు భాగాలు చేసుకోండి. మొదటిది డిసెంబరు మొదటి వారంలో, రెండోది మూడో వారంలో, చివరిది జనవరి మొదటి వారంలో కత్తిరించండి. నీళ్లు ఆపడం కూడా ఆ వరుసలోనే ఉండాలి. చలి వల్ల పూతలో తేడా కొంత తగ్గినా, పూలన్నీ ఒక్క వారంలోనే మీద పడవు. మల్లె మొగ్గను తెల్లవారుజామున విచ్చకముందే కోయాలి కాబట్టి, కుటుంబ సభ్యులతో కోత నడుపుకునే చిన్న రైతుకు ఈ పద్ధతి బాగా పనికొస్తుంది. ధర పడిపోయిన రోజున పంటంతా ఒకేసారి అమ్ముకోవాల్సిన ఇబ్బందీ తగ్గుతుంది.

ఎరువు, తొలి తడి

కత్తిరించాక కుదురు చుట్టూ పైపైన తవ్వి, కలుపు తీసి, నాలుగైదు రోజులు మట్టిని ఎండనివ్వాలి. లావు వేళ్లు తెగకుండా చూసుకోవాలి. ఆ తర్వాత మొక్కకు 10 కిలోల వరకు బాగా చివికిన పశువుల ఎరువు వేయాలి.

తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఎదిగిన మొక్కకు ఏడాదికి 60 గ్రాముల నత్రజని, 120 గ్రాముల భాస్వరం, 120 గ్రాముల పొటాష్ సిఫారసు చేస్తోంది. ఇందులో సగం కత్తిరించాక, మిగతా సగం జూన్-జూలైలో వేయాలి. ఇప్పుడు వేయాల్సిన సగానికి లెక్క ఇది:

- యూరియా: 65 గ్రాములు
- సింగిల్ సూపర్ ఫాస్ఫేట్: 375 గ్రాములు
- మ్యూరేట్ ఆఫ్ పొటాష్: 100 గ్రాములు

భూసార పరీక్షలో భాస్వరం ఎక్కువని తేలితే ఆ మేరకు సూపర్ తగ్గించుకోండి, ఖర్చు మిగులుతుంది. ఎరువును మొదలుకు తగలకుండా పాదు చుట్టూ వేసి మట్టి కప్పాలి. తొలి తడి తేలికగా ఇచ్చి, చిగురు కనిపించాక నేలను బట్టి వారానికోసారి పెట్టాలి. చిగురు లేని కుదురుకు ఎక్కువ నీళ్లు పోస్తే వేరు కుళ్లుతుంది.

కొత్త ఆకు ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పాలిపోతే అది ఇనుప ధాతు లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది కలిపి పిచికారీ చేయాలి.

గుర్తుంచుకోవలసినవి

- పూలు లేవని తోటను వదిలేయొద్దు, ఎండుతోందని నీళ్లు పెట్టొద్దు.
- బెట్ట సరిపోయిందా లేదా అన్నది కొమ్మను గీకి చూసి తెలుసుకోండి.
- కత్తిరించకముందు ఎరువు వేయొద్దు.
- మందు కొట్టిన తోటలోకి జీవాలను తోలొద్దు.

మొదటిసారి చేస్తున్నవారు ఈ ఏడాది నాలుగైదు వరుసల్లో చేసి చూడండి. వేసవిలో ఆ వరుసల పూలను విడిగా తూచి మిగతా తోటతో పోల్చుకుంటే, వచ్చే ఏడాది ఏం చేయాలో మీకే తెలుస్తుంది. సందేహాలుంటే దగ్గరలోని ఉద్యాన అధికారిని గాని, కృషి విజ్ఞాన కేంద్రాన్ని గాని సంప్రదించండి.