పదో తరగతితోనే యూనివర్సిటీ సీటు: కొన్ని విశేషాలు

ఇంటర్ చదవకుండా, ఎంట్రెన్స్ రాయకుండా పదిహేనేళ్లకే యూనివర్సిటీ విద్యార్థి కావచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచీ ఈ వీలుంది. రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం (ఆర్జీయూకేటీ) ఆ ఏడాది నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో మూడు క్యాంపస్‌లతో మొదలైంది. అంత పెద్ద పేరు ఎవరూ పలకరు, అందరికీ అది ‘ట్రిపుల్ ఐటీ’యే. ఇంటర్‌కు బదులు రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్, మొత్తం ఆరేళ్లు ఒకే చోట. విభజనతో బాసర తెలంగాణకు వెళ్లింది. 2016లో ఒంగోలు, శ్రీకాకుళం క్యాంపస్‌లు వచ్చాయి. అమెరికాలో పన్నెండో తరగతి పిల్లలకు డిసెంబరులోనే సీటు ఖాయమైతే దాన్ని ‘ఎర్లీ అడ్మిషన్’ అని గొప్పగా చెబుతారు. మనవాళ్లు వాళ్లకన్నా రెండేళ్లు ముందే ఉన్నారు.

*

శ్రీకాకుళం జిల్లా సముద్రతీరంలోని కళింగపట్నం నుంచి శ్రీకాకుళం వెళ్లి, అక్కడి నుంచి ఇంకాస్త ముందుకు పోతే ఎచ్చెర్ల మండలం. అక్కడి ఎస్.ఎం.పురంలో ఒకప్పటి ఇరవై ఒకటో శతాబ్ది గురుకులం ప్రాంగణమే ఇప్పుడు శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీ. క్యాంపస్ ఇంత దగ్గరుంది కదా, కళింగపట్నం పిల్లలకు ఏమైనా మొగ్గు ఉంటుందా అంటే లేదు. దరఖాస్తులో నాలుగు క్యాంపస్‌లను తమకు నచ్చిన వరుసలో పెట్టుకోవడం వరకే పిల్లల చేతిలో ఉంటుంది. ఎచ్చెర్లా ఇడుపులపాయా అన్నది మెరిట్, రిజర్వేషన్ కలిసి తేలుస్తాయి. కళింగపట్నం సముద్రం చూసి పెరిగిన కుర్రాడు కడప కొండల మధ్య చదువుకోవడం, రాయలసీమ పిల్ల ఎచ్చెర్ల ఉక్కపోతకు అలవాటు పడడం ఈ ఏర్పాటులో మామూలే.

*

ఈ విశ్వవిద్యాలయానికి మొదటి చాన్సలర్ రాజ్ రెడ్డి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, మద్రాసు గిండీలో ఇంజనీరింగ్ చదివి, కృత్రిమ మేధలో చేసిన కృషికి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న మనిషి. పల్లెటూరి బళ్లలో పదో తరగతి బాగా రాసిన పిల్లల్ని పట్టుకుని నేరుగా ఇంజనీరింగ్ దారిలో పెట్టాలన్న ఈ ప్రయత్నానికి అంతకన్నా తగిన పెద్దమనిషి దొరకరు.

*

పల్లె బడికి ఇచ్చే విలువ మాటల్లోనే కాదు, లెక్కలోనూ ఉంది. హాస్టల్ లేని సర్కారు బడిలో, అంటే జిల్లా పరిషత్, మునిసిపల్ హైస్కూళ్ల వంటి వాటిలో చదివిన పిల్లలకు నాలుగు శాతం ‘డిప్రివేషన్ స్కోరు’ కలుపుతారు. జీపీఏ ఉన్న రోజుల్లో అది 0.4 పాయింటు. చూడ్డానికి చిన్నదే. కానీ పదికి పది తెచ్చుకున్న కార్పొరేట్ స్కూలు విద్యార్థిని 9.7 వచ్చిన జెడ్పీ హైస్కూలు విద్యార్థి దాటేసేది ఆ 0.4 తోనే. టౌనుకు పంపి ఫీజులు కట్టిన తండ్రులు కొందరు ఎంపిక జాబితా చూసి తల పట్టుకున్నారంటే ఆశ్చర్యం లేదు. ఈ నిబంధన నాకు నచ్చుతుంది. ఎవరు ఎక్కడి నుంచి పరుగు మొదలుపెట్టారో చూడకుండా గమ్యం దగ్గర మాత్రమే కొలవడం అన్యాయం కదా.

*

ఆ జీపీఏ కాలంలో ఇంకో చిక్కు. పదికి పది వచ్చినవాళ్లు ఏటా వేలల్లో ఉండేవారు. వాళ్లలో ఎవరు ముందు? సబ్జెక్టుల గ్రేడ్లు చూసినా తేలకపోతే పుట్టినతేదీ చూసేవారు. తర్వాత మార్కుల పద్ధతి తిరిగి వచ్చింది గానీ ‘టై’ విప్పే వరుస పోలేదు. మొత్తం సమానమైతే లెక్కల్లో ఎక్కువ మార్కులు, ఆ తర్వాత సైన్సు, ఇంగ్లీషు, సోషల్, మొదటి భాష. అన్నీ సమానమైతే వయసులో పెద్దవాళ్లకు సీటు. పుట్టినరోజు కూడా ఒకటే అయితే? హాల్‌టికెట్ నంబరు నుంచి తీసిన ర్యాండమ్ సంఖ్య ఎవరిది తక్కువైతే వాళ్లకు. మన ఇళ్లలో పిల్లవాణ్ణి తొందరగా బడిలో వేయడానికి వయసు ఓ ఏడాది ఎక్కువ రాయించడం పాత అలవాటే. అలాంటి తండ్రి తెలియకుండానే కొడుక్కి ఇక్కడ మేలు చేసినట్టు లెక్క.

*

సీట్లు ఎన్ని? క్యాంపస్‌కు వెయ్యి, పైన ఈడబ్ల్యూఎస్ కింద వంద. నాలుగు చోట్లా కలిపి 4,400.

*

నిబంధనలన్నీ నోటిఫికేషన్‌లో అచ్చులో ఉంటాయి. అయినా ఫలానా మార్కులకు సీటు ఖాయమని ఏ మాస్టారూ చెప్పలేరు, ఎందుకంటే ఆ ఏడాది మిగతావాళ్లకు ఎన్ని వచ్చాయో ఎవరికీ ముందు తెలియదు. కటాఫ్ ఎవరో ముందుగా గీసిపెట్టిన గీత కాదు. అల వెనక్కి పోయాక ఇసుకలో మిగిలే తడిగీత లాంటిది, చివరి సీటు నిండాకే కనిపిస్తుంది.

పదో తరగతి ఫలితాలే ఏడాదికో రకంగా ఉంటే ఇక పాత కటాఫ్ ఏం పనికొస్తుంది? రాష్ట్రంలో ఉత్తీర్ణత 2019లో 94.88 శాతం. మార్కులు తిరిగి వచ్చిన 2022లో 67.26. 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. పాసైనవాళ్ల శాతం, పైవరుస మార్కులు ఎప్పుడూ కలిసి నడవాలని లేదు. 2025లో శాతం తగ్గింది, అదే ఏడాది కాకినాడ అమ్మాయి ఒకరు 600కు 600 తెచ్చుకుంది. ఈ ఊగిసలాటలో నిరుటి కటాఫ్ పట్టుకుని కూర్చుంటే లాభం లేదు.

*

ఎంట్రెన్స్ లేదని మొదట్లో అన్నాను గానీ దానికీ ఓ మినహాయింపు ఉంది. 2020లో కరోనా వల్ల పదో తరగతి పరీక్షలు రద్దయి అందరూ పాసయ్యారు. మార్కులే లేనప్పుడు మెరిట్ ఎలా తీస్తారు? అందుకని ఆర్జీయూకేటీ సెట్ పెట్టారు. వంద మార్కులు, అందులో సగం లెక్కలే. ఆ పరీక్ష జరిగింది డిసెంబరు 5న. మామూలుగా అయితే అప్పటికి పీయూసీ మొదటి సెమిస్టర్ పాఠాల్లో మునిగి ఉండాల్సిన పిల్లలు పదో తరగతి పుస్తకాలే మళ్లీ తిరగేశారు. 2021లోనూ సెట్టే. 2022 నుంచి మళ్లీ మార్కులు.

*

ఇంటర్ దారిన వెళ్లేవాళ్లకు ఈఏపీసెట్ ఉంది. ఎంసెట్‌కు ఈ పేరు 2021లో వచ్చింది, వైద్యం సీట్లు అంతకుముందే నీట్‌కు వెళ్లిపోయాయి కదా. ఇక్కడ ర్యాంకు పూర్తిగా ఆ మూడు గంటల పరీక్షది కాదు, పావు వంతు ఇంటర్ మార్కులది. తెలంగాణ ఆ వెయిటేజీని తీసేసింది. ఒకే రకం చదువు చదివిన ఇద్దరు అన్నదమ్ముల పిల్లల్లో ఒకరు విజయనగరంలో, ఒకరు వరంగల్‌లో ఉంటే వాళ్ల ర్యాంకులు తేలేది రెండు రకాల లెక్కల్లో.

‘స్థానికం’ అన్నది ఇంకో తమాషా. 1974 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులవి. కానీ ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం అంటే శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా. కాబట్టి విజయనగరం జేఎన్‌టీయూ సీటుకు కళింగపట్నం పిల్లా, ఒంగోలు పిల్లా సమానంగా స్థానికులే. ప్రకాశం దాటి నెల్లూరులో అడుగుపెడితే మాత్రం కథ మారుతుంది, అది శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతం. విభజన చట్టం 95వ సెక్షన్ రెండు రాష్ట్రాల మధ్య పాత కోటాలను పదేళ్లు నిలిపి ఉంచింది. ఆ గడువు 2024 జూన్‌లో తీరింది.

*

కళింగపట్నం ఉన్న గార మండలంలోనే వంశధార ఒడ్డున శాలిహుండం బౌద్ధ క్షేత్రం ఉంది. బౌద్ధుల చదువుల్లోనూ ప్రవేశం సులభం కాదు. ఏడో శతాబ్దంలో భారతదేశం వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయెన్ త్సాంగ్ నలందా ప్రవేశం గురించి రాశాడు. ద్వారం దగ్గరి పండితుడు కఠినమైన ప్రశ్నలు వేసేవాడట, వచ్చినవాళ్లలో పదింట ఏడెనిమిది మంది వెనుదిరిగేవారట. హాల్‌టికెట్ లేదు గానీ ఒత్తిడి మాత్రం అప్పటికే ఉంది.

*

ఇక సముద్రం అవతలి మాట. టెక్సస్ 1997లో ఒక చట్టం చేసింది: రాష్ట్రంలోని ఏ హైస్కూల్లోనైనా మొదటి పది శాతంలో ఉంటే ప్రభుత్వ యూనివర్సిటీలో సీటు దానంతటదే వస్తుంది. మారుమూల బడికీ, ధనికుల బడికీ ఒకే కొలత. ట్రిపుల్ ఐటీ ఆలోచనకు దూరపు చుట్టం అనుకోవచ్చు. కానీ టెక్సస్ యూనివర్సిటీ ఆస్టిన్ క్యాంపస్‌కు గిరాకీ పెరిగి, అక్కడ ఆ పది ఆరుకు దిగింది, 2026 ప్రవేశాలకు అయిదయింది. మంచి స్కూలుందని ఫ్రిస్కోలో, ప్లేనోలో ఇల్లు కొన్న తెలుగువాళ్లకు ఇక్కడే మెలిక. బడి ఎంత మంచిదైతే అందులో మొదటి అయిదు శాతంలో నిలవడం అంత కష్టం.

నార్త్ కరొలైనా ప్రభుత్వ యూనివర్సిటీల్లో బయటి రాష్ట్రాల పిల్లలకు 18 శాతం మించి సీట్లివ్వకూడదన్న హద్దు 1986లో పెట్టారు. వర్జీనియా యూనివర్సిటీ ముందస్తు ‘ఎర్లీ డెసిషన్’ పద్ధతిని 2006లో వద్దనుకుని, 2019లో మళ్లీ తెచ్చింది. కాలిఫోర్నియా యూనివర్సిటీలో అసలు ముందస్తు ప్రవేశమే లేదు, అందరికీ ఒకటే గడువు. అక్కడి అమ్మానాన్నలు అర్ధరాత్రి పోర్టల్ తెరిచి చూస్తారు, ఇక్కడివాళ్లు మీసేవ దగ్గర నిలబడతారు.

*

మళ్లీ మన దేశానికి వస్తే, జోసా కౌన్సెలింగ్‌లో ఐఐటీ, ఎన్ఐటీ సీటు వచ్చినవాళ్లు మూడు మాటల్లో ఒకటి ఎంచుకోవాలి: ఫ్రీజ్, ఫ్లోట్, స్లైడ్. ఇదే చాలు, లేదా పై ఆప్షన్ ఏదైనా సరే, లేదా అదే కాలేజీలో మెరుగైన బ్రాంచి. ఎన్ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం పిల్లలవి. వరంగల్ ఎన్ఐటీ ఒకప్పుడు కళింగపట్నం పిల్లలకు సొంత రాష్ట్రంలోనిదే. 2015లో తాడేపల్లిగూడెంలో ఎన్ఐటీ మొదలయ్యాక ఆ సొంతం అక్కడికి మారింది.

*

ట్రిపుల్ ఐటీ జాబితాలో పేరు లేకపోయినంత మాత్రాన కథ ముగిసినట్టు కాదు. మొదటి విడతలో సీటొచ్చిన వాళ్లలో కొందరు ఇంటర్‌కో పాలిటెక్నిక్‌కో వెళ్లిపోతారు, ఆ ఖాళీలు తర్వాతి విడతలో కిందివాళ్లకు అందుతాయి. చేరినవాళ్లకైనా తాము ఏ ఇంజనీర్లు అవుతారో ఆ రోజు తెలియదు. బ్రాంచి ఇచ్చేది రెండేళ్ల పీయూసీ అయ్యాక, అక్కడి గ్రేడ్లను బట్టి. పదో తరగతి స్నేహితులు ఈఏపీసెట్ ర్యాంకు చూసుకునే ఆ వేసవిలోనే ఎస్.ఎం.పురం పిల్లలు సీఎస్ఈ దక్కుతుందా, సివిల్‌తో సరిపెట్టుకోవాలా అని లెక్కలు వేసుకుంటూ ఉంటారు.