పసిబిడ్డకు ఆటయే చదువు

ఏడువక, కదలక, ఉయ్యాలలో పడియుండు బిడ్డను చూచి "ఎంత బుద్ధిమంతుడు!" అని మురియుట మన యిండ్లలో వాడుక. ఆ నెమ్మది అన్నివేళల మేలు కాదు. కడుపునిండ పాలు త్రాగి, ఆడి, అలసి నిదురించు బిడ్డ నెమ్మది వేరు. చాలీచాలని పోషణతో నీరసించి, చూపు నిలుపక, చేయి చాపక పడియుండు బిడ్డ నెమ్మది వేరు. ఈ రెంటికిని గల భేదమును అనంతపురము సీమలోని ప్రతి తల్లియు, ప్రతి అవ్వయు ఎరుగవలసి యున్నది.

మన సీమలో సాలునకు కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదియు వేళకు రాదు. వేరుశనగ పైరు ఎండిన యేట కుటుంబములు బెంగుళూరు దారి పట్టుట మనకు క్రొత్త గాదు. ఊరిలో నున్న తల్లియైనను పొద్దు పొడిచినది మొదలు పనిలోనే యుండును. బిడ్డ అవ్వ యొడిలోనో, చేనిగట్టున చెట్టుకొమ్మకు కట్టిన చీర యుయ్యాలలోనో పెరుగును. ఇట్టి యిండ్లలో ఒక చిక్కు కనబడకుండ అల్లుకొనును. నీరసించిన బిడ్డ తక్కువగా అడుగును. అడుగని బిడ్డను ఇంటివారు తక్కువగా పలుకరింతురు. పలుకరింపు లేని బిడ్డ మరింత ముడుచుకొనును. కఱవు చేనిలో మాత్రమేగాక ఊయలలో గూడ ప్రవేశించుట యనగా ఇదియే.

పుట్టినప్పుడు బిడ్డ మెదడు బరువు పెద్దవారి మెదడులో ఇంచుమించు నాలుగవ వంతు. రెండేండ్లు నిండునప్పటికి అది ముప్పాతికకు చేరును. ఈ పెరుగుదలకు ఆహారము ఆధారము. ఆరునెలల వరకు తల్లిపాలు, పిదప తల్లిపాలతో పాటు మెత్తని యన్నము, పప్పు, రాగి జావ, ఆకుకూరలు తప్పవు. ఆట వీనికి బదులు కాదు. అయితే ఆహార మొక్కటియే చాలదు. జమైకా దేశములోని కింగ్‌స్టన్ నగరమున 1986 ప్రాంతమున సాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ అను వైద్యురాలు, ఆమె సహచరులు దీనిని పరీక్షించిరి. ఎదుగుదల కుంటువడిన 129 మంది శిశువులను తీసికొని, కొందరికి పాలపొడి యిచ్చిరి. కొందరి యిండ్లకు వారమున కొక గంట ఆరోగ్య కార్యకర్త వెళ్లి, ఇంట చేసిన బొమ్మలతో ఆడించుట తల్లికి నేర్పెను. కొందరికి ఈ రెండును అందినవి, మిగిలినవారికి రెండును లేవు. రెండేండ్ల పాటు ఇట్లు జరిగినది. ఇరువది యేండ్ల పిమ్మట చూడగా, ఆటలు నేర్చిన యిండ్ల బిడ్డల సంపాదన ఇతరుల కంటె సుమారు 25 శాతము హెచ్చుగా నుండెను. ఆహారము మాత్రమే పొందిన వారిలో అట్టి లాభము నిలువలేదు.

ఇక, ఏమి చేయవలెను? తొలి రెండు మూడు నెలలలో బిడ్డకు జానెడు దూరములోని ముఖము చక్కగా కనబడును. కనుక పాలిచ్చునపుడు బిడ్డ కన్నులలోనికి చూచి మాటలాడవలెను. బిడ్డ "ఊ" యన్నచో తల్లియు "ఊ" యని, మరల బిడ్డ వంతు వచ్చువరకు ఆగవలెను. సంభాషణకు ఇదియే ఓనమాలు. కాళ్లు చాపి వాని మీద బిడ్డను బోరగిల పరుండబెట్టి నూనె రాచి నీళ్లు పోయు మన పద్ధతిలోనే మెడకు, వీపునకు వ్యాయామ మున్నది. మెలకువగా నున్నపుడు, పెద్దల కన్నుల ఎదుట, దినమునకు మొత్తము అరగంటయైన బిడ్డను బోర్లబెట్టవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించినది.

నాలుగైదు నెలలకు చేయి చాపును. శుభ్రమైన చెక్క గరిటె, స్టీలు గిన్నె ఇచ్చిన చాలును. మోగునది, మోగనిది, చల్లనిది, నున్ననిది అను భేదములు నోటితో, చేతితో తెలిసికొనును. ఎనిమిది, తొమ్మిది నెలలలో గరిటెను తువాలు క్రింద దాచి "ఏదీ?" యని అడుగుడు. తువాలు లాగి చూచినచో, కంటికి కనబడని వస్తువు గూడ ఉన్నదని గ్రహించినట్లే. కొంగుచాటు దోబూచులాట నేర్పునదియు ఇదియే. ఏడాది నాటికి గిన్నెలో గిన్నె పెట్టుట, చేటలోని వస్తువులు గంపలో వేయుట, కోడిని, మేకను చూపి పేరు చెప్పుట మంచి ఆటలు. రాత్రి దీపపు వెలుగున గోడమీద చేతినీడలు ఆడింపవచ్చును. నిమ్మలకుంట తోలుబొమ్మల సీమకు ఇది నేర్పవలసిన విద్య కాదు.

రెండు హెచ్చరికలు. విత్తనపు కాయలు ఒలుచు దినములలో ఇంటనిండ గింజలు దొరలుచుండును. వేరుశనగ గింజ పసివాని శ్వాసనాళములో పడినచో ప్రాణాపాయము. గింజలు అందనీయ కూడదు; గిలక్కాయలో పోసిన గింజలును మూత ఊడి బయటపడకుండ చూడవలెను. నీటి ఎద్దడి సీమ గనుక తొట్లు, బక్కెట్లు నింపి యుంచుదుము. జానెడు నీటిలో గూడ బిడ్డ మునుగును; మూత తప్పనిసరి.

వీనికై వేరుగా వేళ కేటాయింప నక్కరలేదు. సంగటి కెలుకుచు, బియ్యము చెరుగుచు, చేయుచున్న పనిని బిడ్డకు చెప్పుచుండిన అదియే పాఠము. తండ్రి, తాత, అక్క యెవరైనను చెప్పవచ్చును. సెల్‌ఫోను తెర యీ పని చేయలేదు. మా రేడియో పాటయు చేయలేదు. అది బిడ్డ "ఊ" యన్నచో ఆగి వినదు గదా!

ఆరు నెలలకు చప్పుడు వైపు తిరుగకున్నను, తొమ్మిది నెలలకు కూర్చుండకున్నను, నేర్చినది మరచుచున్నను "నిదానముగా వచ్చునులే" యని ఊరకుండరాదు. అంగన్‌వాడీ కార్యకర్తకో, ఆరోగ్య కార్యకర్తకో చెప్పవలెను. ఇట్టి బిడ్డలను ముందుగా గుర్తించుటకే 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము ఏర్పడినది. పుట్టుక నుండి మూడేండ్ల వరకు ఆడింపవలసిన ఆటలను కేంద్ర ప్రభుత్వము 2024లో "నవచేతన" అను పేర క్రమపరచినది; వానిని గూర్చియు అంగన్‌వాడీలో అడుగవచ్చును.

వాన మన చేతిలో లేదు. బిడ్డ నోట వెలువడిన "ఊ" అను పిలుపునకు బదులు పలుకుట మన చేతిలోనే యున్నది.